గంజాం సీమలో గానసభ: కచేరీల ఋతువు, దాని కట్టుబాట్లు

గంజాం మండలము తెలుగును ఒడియాయును ఇరుగుపొరుగై వసించు తావు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ మండలము మద్రాసు రాజధానిలో భాగమై యుండెను. ఆనాటి విభజనలో బరంపురము, ఛత్రపురము, గోపాలపురము ఒరిస్సాకు చెందగా ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి ప్రాంతములు విశాఖపట్టణ మండలమున చేరి, పిదప 1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలోనికి వచ్చినవి. బరంపురమునకును ఇచ్ఛాపురమునకును నడుమ దూరము సుమారు పాతిక కిలోమీటర్లు మాత్రమే. రైలు మారలేదు, పెండ్లి సంబంధములు మారలేదు. మారినది పాఠశాలలోని భాష. ఆ మార్పు సంగీతమునకు తెచ్చిన చిక్కు సాహిత్యమునకు తెచ్చిన చిక్కు వలె వెంటనే కంటికి కనబడునది కాదు. ఒక సంవత్సరపు కచేరీలను వరుసగా ఏర్పాటు చేయుటకు పూనుకొన్నవారికే అది పూర్తిగా తెలియవచ్చును. కనుక గంజాం సీమవంటి చోట గానసభ యెట్లు నడచును, దాని కచేరీల ఋతువు ఏ కారణములచేత ఏ నెలలకు కట్టుబడును అను విషయమును కొంత వివరముగా పరిశీలించుట ఉచితము.

సభ అనునది మన సంగీతమున మిక్కిలి పాత వ్యవస్థ కాదు. పందొమ్మిదవ శతాబ్ది తుదివరకు గాయకుని పోషించినది రాజాస్థానము, దేవాలయము, సంపన్నుని చావడి. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతములలో విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి, జయపురము మొదలగు సంస్థానములు పండితులకు, గాయకులకు ఆశ్రయ మొసగినవి. జయపురాధీశుడు విక్రమదేవవర్మ (1869–1951) ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చేసిన దానము సుప్రసిద్ధము. ఈ ఆశ్రయము ఒక్కమారుగా పోలేదు. మద్రాసు రాష్ట్రమున 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టమును, ఒరిస్సాలో 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టమును వచ్చిన పిదప జమీందారులకు ఆదాయమే పోయెను; ఆదాయముతోపాటు ఆస్థాన విద్వాంసుని జీతమును పోయెను. అంతకు ముందునుండియే పట్టణములలో ప్లీడర్లు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వర్తకులు చందాలు వేసికొని సభలు నెలకొల్పుచు వచ్చిరి. కాకినాడలోని సరస్వతీ గానసభ ఇరువదవ శతాబ్ది తొలినాళ్లనుండియు ప్రసిద్ధి గాంచినది. రాజు వలె ఒక్కడే పెట్టి పోషించుట కాక, నూరుమంది తలకొక పాలు వేసికొని ఒక గాయకుని పిలిపించుకొనుట దీని తత్త్వము. చందాదారుడు శ్రోత, యజమాని, విమర్శకుడు ముగ్గురును తానే యగుటచే సభా కార్యదర్శి పని సులభము కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఐరోపా ఖండమునను ఇట్టి పరిణామమే కలిగినది. అక్కడ నలుగురైదుగురు వాద్యకారులు చిన్న మందిరమున కూర్చుండి వాయించు సంగీతమునకు 'చాంబర్ మ్యూజిక్' అని పేరు. చాంబర్ అనగా గది. హైడన్ వంటి స్వరకర్త ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో నుండి అట్టి రచనలు పెక్కు చేసెను. పిమ్మట పట్టణ ప్రజలు సంఘములుగా ఏర్పడి ఆ సంగీతమును కొలువునుండి తమ మందిరములకు తెచ్చుకొనిరి. వియన్నాలో 1812లో నెలకొన్న సంగీత మిత్రుల సంఘము అట్టిదే. లండనులో 1901లో తెరచిన విగ్‌మోర్ హాలు నేటికిని ఇట్టి చిన్న కచేరీలకు పెట్టినది పేరు. అచ్చటి ఋతువు శరత్తున ఆరంభమై వసంతముతో ముగియును. సంవత్సరారంభముననే కచేరీల పట్టికను అచ్చువేసి, సభ్యత్వ రుసుమును ముందుగా వసూలు చేసికొందురు. ఈ ఒక్క అలవాటు మన చిన్న పట్టణపు సభలు నేర్చుకొనదగినది. కచేరీకి కచేరీకి చందాల పుస్తకము పట్టుకొని తిరుగు సభ రెండు సంవత్సరములకు మించి నిలుచుట అరుదు.

కర్ణాటక సంగీతము స్వభావముచేత గదిలోని సంగీతమే. ఒక గాత్రము, ఒక వయొలిన్, ఒక మృదంగము, వెనుక తంబురా — ఇంతియే దాని పరివారము. గమకములలోని సూక్ష్మమైన ఒరయికలు పది పన్నెండు గజముల దూరము వరకే చెవికి చక్కగా అందును. మైకు వచ్చిన తరువాత వేయిమంది వినుట సాధ్యమైనది కాని, వినబడినదానిలో కొంత పోయినది. ఈ నష్టము అన్నిటికంటె ఎక్కువగా తగిలినది వీణకు. బొబ్బిలి వీణ పేరు తెలియని తెలుగువారుండరు. గొల్లపల్లి శిల్పులు ఒకే పనసదూలమునుండి కుండ, దండి, మెడ తొలిచి దానిని చేయుదురు. దానిపై ఇరువదినాలుగు మెట్లు మైనమున నిలిపియుండును. నాలుగు తంత్రులు వాయించుటకు, మూడు తాళమునకు. మీటిన తంత్రిని ప్రక్కకు లాగి రెండు మూడు స్వరములు పలికించినపుడు ఆ నాదము తగ్గుచు తగ్గుచు వినబడును. ఆ తగ్గుటలోనే వీణ అందమంతయు కలదు. పెద్ద పందిరిలో అది పూర్తిగా లుప్తమగును. మైకు తగిలించినచో తొలి మీటు మాత్రము పెద్దదై, వెనుకటి నాదము గరగరయై వినబడును. నూరు, నూట యేబదిమంది కూర్చుండగల మందిరము గల చిన్న సభకు ఇది లోటు కాదు, భాగ్యము. పెద్ద నగరపు సభలు ఈయలేని దానిని అది ఈయగలదు. వీణ కచేరీకి మైకు పెట్టకుండుట, కిటికీలు మూసి పంకాలను నెమ్మదిగా తిరుగనిచ్చుట, వచ్చినవారిని దగ్గరగా చాపలపై కూర్చుండబెట్టుట — ఇవి ఖర్చులేని సంస్కరణలు.

ఇక ఋతువును గూర్చి. మద్రాసులో కచేరీల కాలము డిసెంబరు మాసమగుటకు చారిత్రక కారణము కలదు. 1927 డిసెంబరులో అక్కడ కాంగ్రెసు మహాసభతోపాటు అఖిల భారత సంగీత సమ్మేళనము జరిగెను. దాని ఫలితముగా 1928లో సంగీత అకాడమీ స్థాపితమై, ఏటేట ఆ సెలవుల కాలముననే ఉత్సవము జరుపుట వాడుకయైనది. గంజామునకు కారణములు వేరు. ఇచట ఋతువును నిర్ణయించునది ప్రధానముగా సముద్రము.

దసరా నవరాత్రులు సంగీతమునకు ప్రశస్తమైనవని తెలుగు దేశమంతట ప్రసిద్ధి. కాని గోపాలపురము తీరమున ఆశ్వయుజ మాసము తుపానుల మాసము. 2013 అక్టోబరు 12న, సరిగా నవరాత్రులలోనే, ఫైలిన్ తుపాను గోపాలపురము సమీపమున తీరము దాటెను. మరుసటి సంవత్సరము అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాసకు దగ్గరగా తీరము చేరెను. 1999 అక్టోబరులో పన్నెండు దినముల వ్యవధిలో రెండు తుపానులు ఒరిస్సా తీరమును ధ్వంసము చేయగా, వానిలో మొదటిది గంజామునే తాకినది. తుపాను లేని యేడు గూడ ఈ నెలలలో గాలి చెమ్మగా నుండును. చెమ్మకు మృదంగపు మూత వదులై శ్రుతి నిలువదు. గంటకు నాలుగుమారులు సుత్తెతో కొట్టి సరిచేసికొనవలసి వచ్చును. వైశాఖ జ్యేష్ఠములలో దీనికి విపరీతము: ఎండకు వీణ మైనము మెత్తబడి మెట్లు కదలును. ఆషాఢము మొదలు భాద్రపదమువరకు వానలు. కనుక కార్తికము మొదలు చైత్రమువరకు గల ఆరు నెలలే ఇచ్చటి సభకు నిజమైన ఋతువు.

ఈ ఆరు నెలలలో రెండు మేకులు పంచాంగమే కొట్టియున్నది. పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి ఆరాధన. చైత్ర శుద్ధ నవమి శ్రీరామనవమి. మొదటి దినమున ఊరిలోని సంగీతోపాధ్యాయులు, విద్యార్థులు అందరును కూడి పాడుదురు గాన బయటినుండి విద్వాంసుని పిలువనక్కరలేదు. రెండవది పందిళ్ల పండుగ. పందిరి కచేరీ సభా కచేరీ వంటిది కాదు, దానిని ఋతువునకు ముగింపుగా నుంచుట మేలు. బరంపురమున చైత్రమునకు మరియొక విశేషము కలదు. రెండేండ్లకొక మారు జరుగు బుఢీ ఠాకురాణి యాత్ర సుమారు నెలదినములు నడచును. అమ్మవారిని పుట్టింటికి తెచ్చు ఆ యాత్రకు నాయకత్వము వహించు దేశిబెహరా నేతపనివారి కులమునకు చెందినవాడు; బరంపురపు పట్టునకు ఖ్యాతి తెచ్చిన ఆ నేతగాండ్రు తెలుగు మూలము గలవారు. యాత్ర జరుగు సంవత్సరమున ఆ నెలలో కచేరీ పెట్టిన సభకు శ్రోతలు దొరకరు. దొరకవలెనని కోరుటయు న్యాయము కాదు. ఆ యేడు ఋతువును ఫాల్గునముతో ముగించవలెను.

విద్వాంసులను ఎచ్చటనుండి రప్పింపవలెను? బరంపురమునుండి మద్రాసు రైలుమార్గమున వేయి కిలోమీటర్లకు పైబడి యున్నది. విజయనగరము రెండు వందల పైచిలుకు మాత్రమే. ఈ సామీప్యమును గంజాం తెలుగువారు పూర్తిగా ఉపయోగించుకొనవలసియున్నది. 1919లో విజయనగరమున మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించెను. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) దానికి తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) అదే సంవత్సరము వయొలిన్ ఆచార్యుడుగా చేరి, 1936లో అధ్యక్షపదవి నందెను. అంతవరకు పక్కవాద్యముగా మాత్రమే నుండిన వయొలిన్‌తో ఒంటరి కచేరీ చేయుటకు ప్రతిష్ఠ తెచ్చినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఘంటసాల, సుశీల గాత్రము నేర్చినదియు ఆ కళాశాలలోనే. పేరుపొందిన వారిని మాత్రమే పిలువవలెనను పట్టుదల విడిచి, ఆ కళాశాలనుండి వెలువడు యువకులను ఏడాదికి ఇద్దరిని ముగ్గురిని పిలిచినచో ఖర్చు తగ్గును. వారికిని వేదిక దొరకును. పెద్ద విద్వాంసుని ఒక కచేరీకి అగు వ్యయముతో మూడు కచేరీలు జరుపవచ్చును. సభ్యులలో కొందరు దీని కొప్పుకొనరు. టిక్కెట్టు పుచ్చుకొని విద్యార్థిని వినిపింతురా యని వారి ఆక్షేపణ. పెద్ద విద్వాంసులందరును ఒకనాడు ఎవరో ఒకరు ధైర్యముచేసి పిలిచిన కుఱ్ఱవాండ్రే గదా.

కచేరీ క్రమమును గూర్చి ఒక మాట. నేడు వాడుకలో నున్న పద్ధతి — వర్ణముతో ఆరంభించి, చిన్న కృతులు కొన్ని పాడి, ఒక పెద్ద రాగమును విస్తరించి, తని ఆవర్తనము పిదప పదములు, జావళులు, తిల్లానాలతో ముగించుట — అరియకుడి రామానుజయ్యంగారు (1890–1967) స్థిరపరచినది. దానికి ముందు ఒక్క పల్లవియే గంటల తరబడి సాగెడిది. ఉద్యోగస్థులకు, చదువుకొను పిల్లలకు రెండున్నర గంటల కచేరీ చాలును. చిన్న సభలో చివరి భాగమును తగ్గింపరాదు. పదములు, జావళులు తెలుగు మాటకు దగ్గరైనవి. సంగీతము నేర్వని యిల్లాలు గూడ తల యూచునది వానికే.

గంజాం సభ మరియొక విషయమున తక్కిన తెలుగు సభలకంటె భిన్నమైనది. దాని చుట్టును మరియొక గొప్ప సంగీత సంప్రదాయము కలదు. పదునేడవ శతాబ్దిలో పర్లాకిమిడి గజపతి నారాయణదేవుని పేర వెలసిన సంగీతనారాయణము సంస్కృత లక్షణగ్రంథములలో ఎన్నదగినది. ఆఠగడకు చెందిన కవిసూర్య బలదేవరథ్ (1789–1845) రచించిన కిశోరచంద్రానన చంపువులో కకారము మొదలు క్షకారమువరకు ఒక్కొక్క అక్షరముతో ఒక్కొక్క పాట ఆరంభమగును. అతడు త్యాగరాజస్వామికి (1767–1847) సమకాలికుడు. పర్లాకిమిడిలో గోపాలకృష్ణ పట్టనాయకుడును ఆ కాలమువాడే. వీరి పాటలలోని ఆనందభైరవి, సావేరి, ముఖారి, శంకరాభరణము అను రాగనామములు తెలుగువానికి పరిచితములే. ఏకతాళి, రూపకము, త్రిపుట, ఝంప, ఆటతాళి అను తాళనామములును అట్టివే. పేరు ఒక్కటైనను నడక వేరు. ఒడిస్సీలోని గమకము, మర్దల వాద్యపు కొట్టుబడి కర్ణాటక పద్ధతిలో ఇమిడిపోవునవి కావు. ఒకదానిని మరియొక దానికి శాఖ యనుట ఉభయులకును అన్యాయము. ఋతువులో ఒక సాయంకాలమును ఒడిస్సీ గాయకునికి కేటాయించుట ఇరుగుపొరుగు మర్యాదకై మాత్రమే కాదు. ఒకే పేరుగల రాగమును రెండు పద్ధతులలో వరుసగా వినినవాని చెవి పదునెక్కును. జయదేవుని అష్టపదులు ఇందుకు మిక్కిలి అనుకూలమైనవి. పురీ జగన్నాథుని సన్నిధిని, దక్షిణదేశపు భజన గోష్ఠులలోను పాడబడుచున్న సాహిత్యమది. ఒకే అష్టపదిని ఉభయ సంప్రదాయములవారును పాడగా వినుట బరంపురము వంటి పట్టణముననే సాధ్యము.

ఇప్పుడు మొదట సూచించిన చిక్కునకు వచ్చుట యుక్తము. కర్ణాటక సంగీతమున పాడబడు సాహిత్యములో అధికభాగము తెలుగు. త్యాగరాజస్వామి కృతులుగా నేడు లభించుచున్నవి సుమారు 700. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమునుండి ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినియు తెలుగులోనే వెలువడినది. తమిళదేశమున నున్నవాడు తన గ్రంథమునకు తెలుగును ఎన్నుకొనెను; తెలుగువాని బిడ్డ దానిని చదువలేని దినము వచ్చినది. బరంపురమున ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకొను తెలుగు పిల్లలు సంగీతము నేర్చుకొనునపుడు సాహిత్యమును తమకు వచ్చిన లిపిలో వ్రాసికొనుట సహజము. అది తప్పు కాదు. కాని లిపి మారునపుడు ఏమి జారిపోవునో తెలిసికొనవలెను.

ఒడియా లిపిలో హ్రస్వ ఎకారమునకు దీర్ఘ ఏకారమునకు, హ్రస్వ ఒకారమునకు దీర్ఘ ఓకారమునకు వేర్వేరు అక్షరములు లేవు. అందువలన మెడయు మేడయు ఒకటే యగును. కొనయు కోనయు ఒకటే. వెలయు వేలయు ఒకటే. అకారము ఒడియాలో ఒకారమునకు దగ్గరగా పలుకబడును. వకారము సాధారణముగా బకారమగును. దానికి ప్రత్యేకాక్షర మున్నను వాడుక తక్కువ. కనుక వడికిని బడికిని భేదము పోవును. ఇవన్నియు మాటలో సరిదిద్దుకొనవచ్చును గాని పాటలో కష్టము. పాటలో హ్రస్వము గూడ రాగమువెంట సాగుట కలదు. భాష తెలిసిన గాయకుడు హ్రస్వమును ఎంత సాగించినను, పదము విరుగకుండ ఊపిరి నిలుపుచోట నిలిపి అర్థమును కాపాడును. తెలియనివాడు పదము నడుమ ఊపిరి తీయును. వినువానికి ఒక మాట రెండగును, రెండు మాటలు ఒకటి యగును. తమిళదేశపు గాయకుల తెలుగు ఉచ్చారణను గూర్చి తెలుగువారు తరతరములుగా ఆక్షేపించుచున్నారు. తమ యింటి పిల్లలే అట్లు పాడునపుడు ఆ ఆక్షేపణకు బలము తగ్గును. ఒడియాయందు ఒక అనుకూలతయు కలదు. తెలుగువలెనే ఆ భాషలోను పదములు చాలవరకు అచ్చుతో ముగియును. హిందీ వంటి భాషలలో తుది అకారము మింగబడునట్లు ఒడియాలో మింగబడదు. ఒడియా పలుకుబడికి అలవాటుపడిన పిల్లవాడు తెలుగు పదాంతమును విరుగగొట్టడు. ఇది చిన్న ఉపకారము కాదు.

దీనికి సభ చేయగలిగిన పని యొకటి కలదు. ప్రతి కచేరీకిని పాడబోవు కృతుల పట్టికను విద్వాంసునినుండి వారము ముందుగా తెప్పించుకొని, వానిలో నాలుగైదింటి సాహిత్యమును ఒక పత్రముగా అచ్చువేసి ద్వారమువద్ద పంచవలెను. ఎడమవైపున తెలుగు లిపి; కుడివైపున ఒడియా లిపి; క్రింద ఒడియాలో తాత్పర్యము. ఒడియా లిపిలో దీర్ఘ ఏకార, ఓకారములపై ఒక చిన్న గీత గీసినచో హ్రస్వదీర్ఘ భేదము నిలుచును. వకారమునకు గల ప్రత్యేకాక్షరమును విధిగా వాడవలెను. పదమునకు పదమునకు నడుమ ఎడమీయవలెను. సంగీత పుస్తకములలో స్వరముల క్రింద అక్షరములు విడివిడిగా చెల్లాచెదరై యుండుటచే పిల్లలకు పదమెక్కడ ముగిసినదో తెలియదు. పూర్వము రెండు లిపులలో అచ్చు కూర్చుట ప్రయాసతో కూడినది. నేడు కంప్యూటరు మీద అది ఒక సాయంకాలపు పని. తెలుగు రాని ఒడియా శ్రోతకు ఆ పత్రము అర్థమును తెలుపును. ఒడియా మాత్రమే చదువగల తెలుగు పిల్లవానికి అది తన తాతగారి భాషలోని అక్షరములను పక్కపక్కన చూపును. ఋతువునకు ఆరు కచేరీలు, కచేరీకి నాలుగు కృతులు అనుకొన్నను ఏడాదికి ఇరువదినాలుగు కృతుల సాహిత్యము ఇంటింట చేరును. అయిదేండ్లలో అది ఒక పుస్తకమగును.

పత్రము తయారుచేయువారికి తెలుగు, ఒడియా, సంగీతము మూడును తెలిసియుండవలెను. అట్టివారు గంజామున ఇంకను కలరు. వారిలో చాలమంది వయసు మీరినవారు. ఈ పనిని వారు చేయుచుండగనే పక్కన ఇద్దరు యువకులను కూర్చుండబెట్టుట మంచిది.

ఇక మిగిలినది లెక్కల విషయము. సభ్యత్వ రుసుము కార్తికమునకు ముందే వసూలు కావలెను. విద్యార్థులకు ప్రవేశము ఉచితముగా నుండవలెను. వెంట వచ్చు తల్లిదండ్రులే మరుసటి యేటి సభ్యులు. మందిరపు అద్దె, విద్వాంసుల రైలు ఖర్చు, బస, సంభావన, పత్రము అచ్చు — వ్యయమున ఇవియే ముఖ్యములు. శ్రుతిపెట్టె యున్నను సభకు సొంతముగా రెండు తంబురాలు కొని యుంచవలెను. అవి ఋతువు లేని ఆరు నెలలు మూలబడక సంగీత పాఠశాల పిల్లల చేతిలో నుండవలెను. చైత్రమున చివరి కచేరీ కాగానే సర్వసభ్య సమావేశము జరిపి, కొత్త పంచాంగమును, రైళ్ల కాలపట్టికను ఎదుట పెట్టుకొని మరుసటి ఋతువు తేదీలను నిర్ణయించుట వాడుక చేసికొన్నచో, ఆషాఢములోగా విద్వాంసులకు ఉత్తరములు చేరును.